ఒకే రాక్షసి, ఐదు బొమ్మలు: జపాన్ సోఫుబిల్లో మీకు ఏది నప్పుతుంది?

మా ఇంట్లో గాజు బీరువా మధ్య అరలో నాలుగు హెడోరాలు వరసగా నిలబడి ఉంటాయి. హెడోరా అంటే 1971లో వచ్చిన గాడ్జిల్లా సినిమాలో విలన్. కాలుష్యం తిని పెరిగి, ఫ్యాక్టరీ గొట్టాల పొగ పీల్చి బలిసే బురదముద్ద. జపనీస్‌లో ‘హెడోరో’ అంటే నీళ్ళ అడుగున పేరుకున్న మురుగు బురద. మూసీ పక్కన కాపురం ఉన్నవాళ్ళకి ఈ రాక్షసిని పెద్దగా పరిచయం చేయక్కర్లేదు.

ఇంటికొచ్చినవాళ్ళు “ఒకే బొమ్మ నాలుగెందుకు?” అని అడుగుతారు. మా అమ్మ అయితే “గుమ్మానికి కట్టాల్సిన దిష్టిబొమ్మల్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు” అని చుట్టాలకి చెప్పి నవ్వుతుంది. కానీ ఆ నాలుగూ ఒకటి కావు. ఒకదాన్ని పిల్లలు ఆడుకోవడానికి చేశారు. ఒకదాన్ని సినిమా ఆగిపోయి ఆ ఫ్రేము చేతికొచ్చినట్టు చేశారు. ఒకటి యాభై ఏళ్ళ కిందటి బొమ్మకి జ్ఞాపకం. నాలుగోది అసలు హెడోరానే కాదు, హెడోరాకి దూరపు చుట్టం. ఐదో రకం, అంటే 1971 నాటి అసలు బొమ్మ, నా దగ్గర లేదు. కొనే ఉద్దేశమూ లేదు, ఎందుకో తర్వాత చెబుతాను.

ఈ బొమ్మల్ని ‘సోఫుబి’ అంటారు. సాఫ్ట్ వినైల్ (మెత్తటి ప్లాస్టిక్) అనే మాటని జపాన్‌వాళ్ళు తమ నోటికి తగ్గట్టు ‘సోఫుతో బినీరు’ చేసుకుని, అదీ పొడుగైందని కత్తిరించి సోఫుబి అన్నారు. రాక్షసుల్ని ‘కైజు’ అంటారు. ఈ రెండు మాటలు వస్తే చాలు, మిగతా మాటలు కొనుక్కుంటూ నేర్చుకోవచ్చు.

ముందు తేల్చుకోవాల్సింది: రాక్షసి కావాలా, బొమ్మ కావాలా?

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువగా ధర దగ్గరో, సైజు దగ్గరో మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టి, రెండేళ్ళలో సగం అమ్మేశాను. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మీకు ఇష్టమైంది తెర మీద చూసిన రాక్షసా, లేక దాన్ని చూసి ఎవరో పోత పోసిన బొమ్మా?

తేడా అర్థం కావాలంటే 1966కి వెళ్ళాలి. గాడ్జిల్లా 1954లోనే వచ్చింది. ఆ సినిమాకి స్పెషల్ ఎఫెక్ట్స్ చేసిన ఎయిజీ త్సుబురాయా 1963లో సొంత సంస్థ పెట్టుకున్నాడు. ఆ సంస్థ నుంచి 1966 జనవరిలో ‘అల్ట్రా క్యూ’, అదే ఏడాది జులైలో ‘అల్ట్రామాన్’ టీవీలో మొదలయ్యాయి. వారానికో కొత్త రాక్షసి. జపాన్ పిల్లలకి పిచ్చెక్కిపోయింది. అప్పటిదాకా టిన్ను కార్లు, ప్లాస్టిక్ మోడళ్ళు చేసుకుంటున్న మారుసాన్ అనే కంపెనీ ఆ ఏడాదే రాక్షసుల్ని మెత్తటి వినైల్‌లో దించింది.

అసలు తమాషా ఇక్కడే ఉంది. అల్ట్రా క్యూ బ్లాక్ అండ్ వైట్. టీవీలో రంగే కనబడని రాక్షసికి బొమ్మ చేసేవాడు ఏ రంగు వేస్తే అదే రంగు. వినైల్‌కే ఒక రంగు కలిపేసి, దాని మీద స్ప్రేతో రెండు మూడు రంగులు చల్లేవాళ్ళు. నీలం ఒళ్ళు, వెండి వీపు, ఎర్ర నోరు, అంతే. గోళ్ళు గుచ్చుకోకుండా గుండ్రం చేశారు, కళ్ళు పెద్దవి చేశారు, పొట్ట ముందుకు తెచ్చారు. పిల్లాడి చేతిలో పట్టడం కోసం చేసిన ఈ సర్దుబాట్లే ఒక శైలి అయిపోయాయి. ఆ బొమ్మలతో పెరిగినవాళ్ళకి సినిమా కన్నా బొమ్మే అసలు రాక్షసి.

కాబట్టి దార్లు రెండు. సినిమా దారిలో ఉన్నవాళ్ళు “చర్మం మీద ముడతలు సరిగ్గా పడ్డాయా?” అని చూస్తారు. బొమ్మ దారిలో ఉన్నవాళ్ళు “ఈ గులాబీ రంగు మీద ఆ ఆకుపచ్చ స్ప్రే ఎంత బాగా పడిందో!” అంటారు. మీరు ఏ దారో ఇప్పుడే తెలియకపోయినా ఫర్వాలేదు. రెండో దారివాళ్ళు తెలియక మొదటి దారిలో డబ్బు పోయడమే నేను ఎక్కువగా చూశాను, ఎందుకంటే ఫొటోల్లో సినిమా బొమ్మలే బాగుంటాయి.

లాగి తీసే బొమ్మ

ఈ బొమ్మ ఎలా తయారవుతుందో ఒకసారి చూస్తే మంచీ చెడూ మీకే తెలిసిపోతాయి. శిల్పి చేసిన నమూనాని మైనంలోకి దించి, దాని మీద ఎలక్ట్రోప్లేటింగ్‌తో రాగి అచ్చు పెంచుతారు. ఆ అచ్చులో పాలలా ఉండే ద్రవ పీవీసీ, అంటే ఆ వినైలే, పోసి, గాలి బుడగలు పోగొట్టి, కాగుతున్న నూనెలో ముంచుతారు. అచ్చు గోడకి ఆనుకున్న పొర గట్టిపడుతుంది. మధ్యలో మిగిలినదాన్ని మళ్ళీ డబ్బాలోకి వంపేసి, ఇంకోసారి నూనెలో ముంచి, నీళ్ళలో పెట్టి, వేడి పూర్తిగా పోకముందే పట్టకారుతో పట్టి లాగుతారు. మెడ కన్నం చిన్నది, తల పెద్దది. అయినా వేడి మీద మెత్తగా ఉంటుంది కాబట్టి తల నలిగి, ముడుచుకుని, బయటికొచ్చాక మళ్ళీ తన ఆకారంలోకి ఉబ్బుతుంది. బజ్జీల బాణలి దగ్గర నిలబడ్డవాడికున్నంత చురుకు ఉండాలి. క్షణం ముందైతే వంకర, క్షణం ఆలస్యమైతే చిరుగు. టోక్యోలోని కత్సుషికా ప్రాంతం ఇలాంటి బొమ్మల పనికి పాత అడ్డా.

ఇందులోంచి మీకు పనికొచ్చేవి రెండున్నాయి. మొదటిది, అచ్చు ఒకటే ముక్క కాబట్టి బొమ్మ పక్కల వెంబడి అతుకు గీత ఉండదు. చంక కింద నుంచి నడుము దాకా నిలువు గీత కనిపిస్తే అది వేరే పద్ధతిలో చేసిన బొమ్మ. రెండోది, లోపలంతా బోలు. తల, చేతులు, కాళ్ళు, తోక విడివిడిగా పోసి మెడ, భుజాల దగ్గర ఒకదానిలోకి ఒకటి దూరుస్తారు. హెయిర్ డ్రయ్యర్‌తో మెడ చుట్టూ రెండు నిమిషాలు వేడి చేసి మెల్లగా తిప్పితే తల ఊడొస్తుంది. నా మొదటి బొమ్మకి ఇలా చేసినప్పుడు లోపల గోడ మీద వినైల్ కారి గడ్డకట్టిన బొట్లు కనిపించాయి, కొవ్వొత్తి పక్కన మైనం బొట్లలాగే. ఆ రోజు నుంచి నేను బొమ్మ దారి మనిషిని.

బందాయ్: తక్కువ డబ్బు, తక్కువ టెన్షన్

బందాయ్ అనే పెద్ద జపాన్ బొమ్మల కంపెనీ 1983లో అల్ట్రా రాక్షసుల సిరీస్ మొదలుపెట్టింది. గాడ్జిల్లా, హెడోరా, మోత్రా వంటి సినిమా రాక్షసులకి ‘మూవీ మాన్‌స్టర్ సిరీస్’ వేరేగా ఉంది. ఇవి జానెడు కన్నా కొంచెం చిన్నవి. సినిమా పోలిక బాగానే ఉంటుంది, ధర పిల్లల బొమ్మ ధరే. 2013లో అల్ట్రా బొమ్మల సైజు తగ్గించి ‘500’ అనే పేరుతో తెచ్చారు, ఐదొందల యెన్‌లన్నమాట. యెన్ మన లెక్కలో అర్ధరూపాయి పైచిలుకు.

వీటి లోపం వీపు తిప్పితే తెలుస్తుంది. ఖర్చు తగ్గించడానికి కొత్తవాటికి ముందు వైపే ఎక్కువగా రంగేస్తారు. నా హెడోరా ముందు నుంచి చూస్తే రాక్షసి, వెనక నుంచి చూస్తే బూడిదరంగు ఉప్మా ముద్ద. బీరువాలో గోడకి ఆనించి పెట్టేవాళ్ళకి ఇది లోపమే కాదు.

పాత బందాయ్‌లు, అంటే ఎనభైల, తొంభైల నాటివి, ఇంకో లోకం. రంగు ఎక్కువ, వినైల్ దళసరి. ప్లాస్టిక్ దారంతో వేలాడే పేపర్ ట్యాగ్ ఉంటే ధర పెరుగుతుంది. ట్యాగ్ లేనివి ఐదారు కలిపి గంపగుత్తగా అమ్ముతుంటారు. కొత్తవాళ్ళకి నా సలహా అదే: ట్యాగ్ లేని పాత బందాయ్ గుంపు ఒకటి. చేత్తో పట్టుకోవడానికి, తల ఊడదీసి చూడడానికి భయం ఉండదు.

ఎక్స్‌ప్లస్: సినిమా దారిలో చివరి స్టాపు

సినిమా రాక్షసే కావాలనుకునేవాళ్ళు చివరికి ఎక్స్‌ప్లస్ దగ్గరికే చేరతారు. ఒసాకా కంపెనీ. 25 సెంటీమీటర్ల సిరీస్, 30 సెంటీమీటర్ల సిరీస్ ముఖ్యమైనవి. ఇంకా పెద్దవీ ఉన్నాయి, వాటి గురించి ఇంట్లో ఆడవాళ్ళతో మాట్లాడి నిర్ణయించుకోండి. ఒక్కో సినిమాలో నటుడు తొడుక్కునే గాడ్జిల్లా సూట్ ఒక్కోలా ఉండేది కదా, 1954ది వేరు, 1964ది వేరు. వీళ్ళు ఆ సూట్ల ముఖకవళికల తేడాలు కూడా పట్టి చేస్తారు. వాళ్ళ సొంత అమ్మకం పేరు ‘షోనెన్ రిక్’. అక్కడ మాత్రమే దొరికే వెర్షన్‌లో అదనపు ముక్కలో, వెలిగే లైటో ఉంటుంది. పాత స్టాకు బయట తిరిగి అమ్మేవాళ్ళ దగ్గర ఆ ఒక్క ముక్క కోసమే ధర బాగా పెరుగుతుంది. లైటు మీద అంత మోజు లేకపోతే మామూలు వెర్షన్ చాలు.

నా మాట అడిగితే, ఇవి వినైల్‌తో చేసిన శిల్పాలు. సోఫుబి అనే పేరుంది గానీ చేతిలోకి తీసుకుని తిప్పే సరదా తక్కువ. షెల్ఫ్‌లో చోటు, దుమ్ము తుడిచే ఓపిక, వేలల్లో యెన్‌లు ఉండాలి. 2023లో వచ్చిన ‘గాడ్జిల్లా మైనస్ వన్’ చూసి ఈ లోకంలోకి వచ్చినవాళ్ళు, ఆ సినిమాకి 2024లో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ రావడంతో అలా చాలామందే వచ్చారు, బహుశా ఇక్కడే సంతోషంగా ఉంటారు.

అసలు పాతవి

జపాన్‌లో వీటిని ‘తోజిమోనో’ అంటారు, ‘ఆ కాలం నాటి వస్తువు’ అని. మారుసాన్ 1968లో దివాలా తీసింది. అందులో పనిచేసినవాళ్ళు కొందరు 1969లో బుల్‌మార్క్ పెట్టి, పాత అచ్చులు కొన్నిటిని మళ్ళీ వాడుకున్నారు. 1971లో అల్ట్రామాన్ కొత్త సిరీస్‌తో రెండో ఊపు వచ్చింది. హెడోరా బొమ్మ ఆ ఊపులోదే. 1977కి బుల్‌మార్క్ కథా ముగిసింది. మొత్తం పదకొండేళ్ళ కథ.

ఇవి మ్యూజియం వస్తువులు కావు, పిల్లలు ఇసుకలో ఆడినవి. తోక పోయి ఉంటుంది, లేదా వేరే రాక్షసి తోక తగిలించి ఉంటుంది. కొన్నిటి పాదాల కింద అప్పటి పిల్లాడు పెన్నుతో రాసుకున్న పేరు ఉంటుంది. ఇంకు వినైల్‌లోకి దిగిపోతుంది, ఇక పోదు. నాకైతే ఆ పేరున్న బొమ్మే ఎక్కువ నచ్చుతుంది, మార్కెట్‌లో మాత్రం దాని ధర తక్కువ.

ఇంత ఇష్టం ఉండీ ఎందుకు కొననంటే, ఇక్కడ కంటితో చూడకుండా కొనాలి. అదే అచ్చు మళ్ళీ వాడినవి, తర్వాత కాలంలో తిరిగి పోసినవి, రంగు మళ్ళీ వేసినవి, అన్నీ ఫొటోలో ఒకలాగే ఉంటాయి. పాదం అడుగున ముద్ర చదవాలి, వినైల్ నొక్కి చూడాలి, వాసన చూడాలి. టోక్యో నకనో బ్రాడ్‌వేలో పాత బొమ్మలమ్మే మందరాకే షాపుల అద్దాల ముందు నిలబడగలిగినవాళ్ళకి ఇది సరైన దారి. 1966లోనే కట్టిన ఆ బిల్డింగ్‌లో ఈ బొమ్మల్ని చూడడంలో ఒక అందం ఉంది కూడా. విజయవాడలో కూర్చుని ఫోన్ తెర మీద జూమ్ చేసుకునేవాళ్ళకి మాత్రం ఇది జూదం.

తిరిగి పోసినవి, పాత పద్ధతిలో కొత్తవి

నేను మనసు పారేసుకున్నది ఇక్కడ. ‘ఫుక్కోకు’ అంటే పునర్ముద్రణ లాంటిది. మారుసాన్, బుల్‌మార్క్ పేర్లు తర్వాత మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. మార్మిట్, ఎమ్-వన్-గో లాంటి సంస్థలు పాత కాలపు పోకడలో రాక్షసుల్ని కొత్తగా చెక్కి పోశాయి. ఎమ్-వన్-గో అనే పేరు అల్ట్రా క్యూలో వచ్చే ఒక కృత్రిమ జీవిది. ఆ ఒక్క ముక్క చాలు, వీళ్ళు ఎలాంటి మనుషులో తెలియడానికి.

ఈ రకంలో ‘స్టాండర్డ్ సైజు’ అనేది అరవైల నుంచి వస్తున్న కొలత, ఇరవై మూడు సెంటీమీటర్లు అటూ ఇటూ. ప్లాస్టిక్ సంచిలో బొమ్మ, పైన మడిచి పిన్ను కొట్టిన బొమ్మల అట్ట, దాన్ని హెడర్ అంటారు. మన కిరాణా షాపులో దండగా వేలాడే ప్యాకెట్ల అట్టల్లాంటిదే. చించకుండా పిన్ను తీసి అట్టని ఫైల్‌లో దాచుకోండి. అమ్మాల్సి వస్తే ధరలో తేడా కనిపిస్తుంది.

నా హెడోరాల్లో నేను రోజూ చేత్తో పట్టుకునేది ఈ రకందే. వినైల్ ముదురు నీలం. దాని మీద లోహపు ఆకుపచ్చ స్ప్రే పై నుంచి కిందికి పడింది కాబట్టి ముడతల పైఅంచులు మెరుస్తాయి, లోతుల్లో నీలం అలాగే మిగిలిపోయింది. హెడోరా కళ్ళు నిలువుగా ఉంటాయి. ఇందులో ఎడమ కన్ను ఎరుపు రెప్ప దాటి ఒక వెంట్రుకంత బయటికి పాకింది. చేత్తో వేశారనడానికి సాక్ష్యం అది. సినిమాలో ఇది ఇలా ఉండదు, ఉండక్కర్లేదు కూడా.

అసలు పాతదాని రుచి కావాలి, మోసపోతామన్న భయం వద్దు అనుకుంటే ఇదే సరైన మధ్యదారి. ఒక్క జాగ్రత్త: దీన్నే కొందరు తోజిమోనో అని అమ్ముతారు. కాబట్టి పాదం ముద్ర ఫొటో లేని ప్రకటన వదిలేయండి.

ఇండీలు: సొంత రాక్షసులు

ఇక నాలుగో హెడోరా. అది గార్గమెల్ అనే చిన్న సంస్థ చేసిన ‘హెడోరాన్’. హెడోరా పోలికతో, వాళ్ళ సొంత తిక్కతో. పాత పద్ధతిలోనే పోస్తూ సినిమాతో పనిలేని సొంత రాక్షసుల్ని చేసే ఇలాంటి చిన్న సంస్థలు చాలా ఉన్నాయి, వీటినే ఇండీలంటారు. రియల్ హెడ్ వాళ్ళ ‘మ్యూటెంట్ ఈవిల్’, సీక్రెట్ బేస్ బొమ్మలు జపాన్‌లో. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో మార్క్ నగాటా అనే జపనీస్ అమెరికన్ చిత్రకారుడి మ్యాక్స్ టాయ్. ఆయన చేసిన ‘నెగోరా’ పిల్లి రాక్షసి, జపనీస్‌లో పిల్లిని ‘నెకో’ అంటారు. లాస్ ఏంజెలెస్‌లోని జపనీస్ అమెరికన్ నేషనల్ మ్యూజియం 2018లో ఆయన సేకరణలోని బొమ్మలతో ఒక పెద్ద ప్రదర్శనే పెట్టింది. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇంకో దారీ ఉంది: షికాగో దగ్గర రోజ్‌మాంట్‌లో వేసవిలో జరిగే గాడ్జిల్లా అభిమానుల సంబరం జీ-ఫెస్ట్. అక్కడ చేత్తో పట్టుకుని చూసి కొనచ్చు.

ఇండీల్లో ఒకే అచ్చు, లెక్కలేనన్ని రంగులు. పారదర్శకం, చీకట్లో వెలిగేది, మెరుపు పొడి కలిపినది, రెండు రంగుల వినైల్ పాలరాయిలా కలిసిపోయినది. అసలు రంగే వేయకుండా పోత రంగులోనే వదిలేసిన బొమ్మ కూడా ఉంటుంది. దాన్ని ‘సెయికేషోకు’ అంటారు. అమ్మకం తరచుగా లాటరీ, అంటే ‘చూసెన్’. పేరు పంపాలి, తగిలితే కొనే అవకాశం వస్తుంది. టోక్యోలో సూపర్ ఫెస్టివల్, మకుహారిలో ఏడాదికి రెండుసార్లు వండర్ ఫెస్టివల్ ఇలాంటివాటికి పెద్ద సంతలు.

ఇక్కడే జేబు చిల్లు పడుతుంది. “ఈ రంగు మళ్ళీ రాదు” అనే మాట ప్రతి రంగుకీ నిజమే, కాబట్టి ఆ మాటకి విలువ లేదు. ఒక అచ్చుకి ఒక్క రంగే అని నేను గీత గీసుకున్నాను. తిరిగి అమ్మితే లాభం వస్తుందని మాత్రం కొనకండి. ఒక ఏడాది అందరూ ఎగబడ్డ కళాకారుడి బొమ్మ ఇంకో ఏడాది సగం ధరకి దిగడం నేను రెండుసార్లు చూశాను. ఒకసారి నాదే.

అల్ట్రా క్యూలో కనెగాన్ అనే రాక్షసి ఉంది. డబ్బు పిచ్చి ఉన్న ఒక పిల్లాడు చిల్లర పర్సులాంటి తల ఉన్న రాక్షసిగా మారిపోతాడు, నాణేలు తింటూ ఉంటేనే బతుకుతాడు. ఇండీ సోఫుబిల్లోకి దిగేముందు ఒక బందాయ్ కనెగాన్ కొని కంప్యూటర్ పక్కన పెట్టుకోండి.

మరి ఏది కొనాలి?

సినిమా చూసి వచ్చారా? మూవీ మాన్‌స్టర్ సిరీస్‌లో ఒకటి కొనండి. ఆర్నెల్ల తర్వాత కూడా “ఇంకొంచెం సినిమాలోలా ఉంటే బాగుండు” అనిపిస్తే ఎక్స్‌ప్లస్ 25 సెంటీమీటర్లది ఒకటి, నాలుగు కాదు. రంగులు, ఆకారం, చేతిలో బరువు మీకు నచ్చుతున్నాయా? ఫుక్కోకు స్టాండర్డ్ సైజు ఒకటి. బొమ్మలు గీసే అలవాటు ఉంటే రంగు వేయని ఇండీ ఒకటి కొని మీరే రంగు వేయచ్చు. కానీ మామూలు ఎనామిల్ వేస్తే వినైల్ మీద ఎప్పటికీ జిగురుగానే ఉండిపోయే ప్రమాదం ఉంది. వినైల్ కోసమే చేసిన రంగులు వాడాలి, జపాన్‌లో వీ-కలర్ అలాంటిదే. పిల్లలున్న ఇల్లయితే పాతవీ, ఇండీలూ వాళ్ళ చేతికి ఇవ్వకండి. నేటి పిల్లల బొమ్మలకున్న భద్రతా పరీక్షలు వాటికి లేవు. పిల్లలకి కొత్త బందాయ్ చాలు, నిజానికి వాళ్ళకి నచ్చేదీ అదే.

జపాన్ యాహూ ఆక్షన్స్‌లో, మెర్కారి అనే సెకండ్‌హ్యాండ్ యాప్‌లో మధ్యవర్తి సర్వీసు ద్వారా కొనాలనుకుంటే ఇంగ్లిష్‌లో వెతకొద్దు. సోఫుబి అని జపనీస్‌లో రాస్తే మూడే అక్షరాలు (ソフビ), అవి కాపీ చేసి పెట్టుకోండి. తోజిమోనో (当時物), ఫుక్కోకు (復刻) కూడా అలాగే. ఫలితాలు ఎన్నో రెట్లు పెరుగుతాయి, ధరలు తగ్గుతాయి.

కస్టమ్స్ సంగతి మాత్రం ముందే లెక్క వేసుకోవాలి. మన దేశంలో బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. బొమ్మలకి బీఐఎస్ (మన ప్రమాణాల సంస్థ) గుర్తు 2021 జనవరి నుంచి తప్పనిసరి. ఒక్క బొమ్మ సొంతానికి తెప్పించుకున్నా పార్సెల్ దగ్గర ప్రశ్నలు రావచ్చు. నా పార్సెల్ ఒకటి మూడు వారాలు ఆగిపోయింది. “ఇది పిల్లల బొమ్మ కాదండీ, కలెక్షన్ వస్తువు” అని నేను మెయిల్ పెడితే, “ఫొటోలో బొమ్మలాగే ఉంది కదా సార్” అని జవాబొచ్చింది. కాదనలేకపోయాను. అందుకే ఇప్పుడు యొకొహామాలో ఉన్న మా బావ సంక్రాంతికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో రెండు మూడు తెస్తాడు. అట్టపెట్టెలు లేకుండా, సాక్సుల మధ్య. అక్కయ్య తన చీరలకి చోటు లేదని గొడవ పెట్టుకునేదాకా ఈ పద్ధతి బాగానే నడిచింది.

మన ఎండల్లో

జపాన్ గైడ్‌లలో ఇది ఉండదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వినైల్‌ని మెత్తగా ఉంచేది దానిలో కలిపిన నూనెలాంటి పదార్థం. వేడికి బొమ్మ మెత్తబడుతుంది, బరువు ఎటుంటే అటు వాలుతుంది. పడమటి కిటికీ పక్కన పెట్టిన నా ముప్ఫై సెంటీమీటర్ల గాడ్జిల్లా మే నెల గడిచేసరికి ముందుకి వంగి ఎవరికో నమస్కారం పెడుతున్నట్టు తయారైంది. తప్పు బొమ్మది కాదు, నాదే. కాళ్ళని కాసేపు వేడినీళ్ళలో ఉంచి, నిటారుగా పట్టుకుని చన్నీళ్ళలో ముంచితే చాలావరకు సర్దుకుంది. రంగు లేస్తుందేమోనన్న భయం ఉంటే వేడినీళ్ళ బదులు హెయిర్ డ్రయ్యర్ వాడండి.

ఎండ నేరుగా పడితే తెల్లవి పసుపెక్కుతాయి. రెండు బొమ్మలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే రంగు ఒకదాని మీంచి ఇంకోదానికి అంటుకుంటుంది. తుడవడానికి స్పిరిట్ వాడితే మురికితో పాటు పెయింటూ వచ్చేస్తుంది. తడిగుడ్డ, ఒక చుక్క గిన్నెల సబ్బు చాలు.

అన్నిటికన్నా ముఖ్యం థర్మాకోల్. పార్సెల్‌లో వచ్చిన థర్మాకోల్‌లోనే ఒక బొమ్మని రెండేళ్ళు అటక మీద దాచాను. వినైల్‌లోంచి ఊరిన ఆ నూనె పదార్థం థర్మాకోల్‌ని కరిగిస్తుందని అప్పుడు నాకు తెలియదు. తీసి చూస్తే వీపంతా తెల్లటి పొక్కులు అతుక్కుని ఉన్నాయి, గోకితే రంగుతో సహా ఊడొచ్చాయి. బొమ్మ వచ్చిన రోజే థర్మాకోల్ తీసేసి, మెత్తటి తెల్ల కాగితంలో చుట్టి పెట్టండి. బట్టల బీరువాలోనే ఒక అర ఖాళీ చేసుకుని బొమ్మలు పెట్టేవాళ్ళు ఆ బీరువాలోంచి కలరా ఉండలు తీసేయాలి, ఆ ఆవిరి కూడా ప్లాస్టిక్‌కి పడదు. మా అమ్మ పట్టుచీరల కోసం వేసిన ఉండలు తీయించడానికి నాకు ఒక కొత్త బీరువా ఖర్చయింది. గాజుది.